ఫ్రెంచ్ ప్రెస్‌లో కాఫీ ఒకరోజు చేదు, ఒకరోజు నీళ్లు: ఎందుకిలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. లీటరు ఫ్రెంచ్ ప్రెస్, అంటే కాఫీ పొడిని వేడి నీళ్లలో నానబెట్టి జల్లెడతో ఆపి వంచుకునే జార్, కొన్నారు. కాఫీ ఒకరోజు నోట పెట్టలేనంత చేదు, మర్నాడు నీళ్లనీళ్లు. కప్పు అడుగున బురదలాంటి మడ్డి. ప్లంజర్, అంటే చివర జల్లెడ ఉన్న కడ్డీ, కిందికి దిగాలంటే రెండు చేతులూ వేసి నొక్కాల్సి వస్తోంది. ప్రెస్సే నాసిరకమా, మార్చేసి ఖరీదైనది తీసుకోవాలా అన్నారు. ఇంట్లో సగం మంది పాలు కలుపుకునే తాగుతారనీ చెప్పారు.

ప్రెస్ మార్చకండి. అందులో నాసి కావడానికి పెద్దగా ఏముందని? ఒక గాజు జార్, ఒక కడ్డీ, కడ్డీ చివర ఒక మెష్, అంటే సన్నని లోహపు జల్లెడ. ఇలాంటి పరికరానికి ఫ్రాన్స్‌లో 1852లోనే పేటెంట్ ఉంది. ఇప్పుడు మనం వాడుతున్న రూపానికి దగ్గరగా ఉన్నదానికి 1929లో అత్తిలియో కలిమాని, జూలియో మొనెటా అనే ఇద్దరు ఇటాలియన్లు పేటెంట్ తీసుకున్నారు. మూలసూత్రం అప్పటినుంచి అదే. ఖరీదైన మోడల్‌లో వేడి నిలబెట్టే రెండు పొరల స్టీల్ గోడ వస్తుంది, మెష్ కాస్త గట్టిగా ఉంటుంది, టేబుల్ మీద పెడితే బాగుంటుంది. ఆ మాత్రం దానికి ఉన్నది పారేయక్కర్లేదు.

మీ ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఒక్కటే: నొక్కడమే అసలు పని అనుకోవడం. మీరు ప్లంజర్ మీద చెయ్యి వేసే సరికే కాఫీ తయారైపోయి ఉంటుంది. మెష్ చేసేదల్లా పొడి కప్పులోకి రాకుండా అడ్డుపడటం. పొడి తనంతట తాను అడుక్కి దిగి ఉంటే ఆ పని అది చక్కగా చేస్తుంది. మనం బలవంతాన దింపామా, మెత్తని ధూళి అంతా పైకి లేచి కప్పులోకి వస్తుంది.

ముందు ఆ బిగుసుకుపోయే ప్లంజర్ సంగతి చూద్దాం. అది రుచి సమస్య కాదు, చేతులు కాలే వ్యవహారం. రెండు చేతులతో నొక్కాల్సి వస్తోందంటే పొడి మరీ మెత్తగా ఉందని అర్థం. మెత్తని పొడి మెష్ రంధ్రాలను మూసేస్తుంది, కింద ఉన్న నీళ్లకు దారి ఉండదు. అప్పుడు ఇంకా బలం పెడితే మెష్ ఒక పక్కకు ఒరిగి, ఆ సందులోంచి మరిగే కాఫీ మీ చేతి మీదికి చిమ్ముతుంది. గాజులో కంటికి కనిపించని గీత ఉంటే జార్ పగలనూ వచ్చు. కాబట్టి ఎక్కడైనా గట్టిగా తగిలితే అక్కడే ఆపండి. ప్లంజర్‌ను ఒక అంగుళం పైకి లాగి, కొన్ని క్షణాలు వదిలేసి, మళ్లీ నెమ్మదిగా దించండి. అరచేతి బరువుకే దిగాలి. అంతకన్నా ఎక్కువ బలం ఎప్పుడూ పెట్టకండి.

ఇప్పుడు రుచి దగ్గరకొద్దాం. కాఫీ గింజ బరువులో సుమారు 30 శాతం దాకా నీళ్లలో కరిగే పదార్థం ఉంటుంది. అదంతా నీళ్లలోకి దింపితే తాగలేం. పొడి బరువులో 18 నుంచి 22 శాతం దాకా దిగితే రుచి సమంగా ఉంటుందని కాఫీ రంగంలో చాలాకాలంగా నడుస్తున్న లెక్క. అంటే 30 గ్రాముల పొడి వేస్తే అందులోంచి కప్పుల్లోకి వచ్చేది సుమారు 6 గ్రాములు మాత్రమే, కప్పులో మిగతాదంతా నీళ్లే. ముందు పులుపునిచ్చేవి దిగుతాయి, తర్వాత తీపి ఛాయలు, చివర్లో చేదు, వగరు. నీళ్లు పైనుంచి పోస్తూ పొడిగుండా కిందికి దింపే పద్ధతుల్లో కొత్త నీళ్లు వస్తూనే ఉంటాయి కాబట్టి పొడిలోంచి ఆపకుండా లాగుతూనే ఉంటాయి. ప్రెస్‌లో అలా కాదు. పోసిన నీళ్లే మొదటినుంచి చివరిదాకా. వాటిలో కాఫీ చేరేకొద్దీ లాగే శక్తి తగ్గిపోతుంది. మొదటి రెండు మూడు నిమిషాల్లో ఎంత జరుగుతుందో, ఆ తర్వాతి ఐదారు నిమిషాల్లో అందులో కొంతే జరుగుతుంది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, "నాలుగో నిమిషం దాటితే చేదెక్కిపోతుంది" అనే టెన్షన్ చాలామందికి ఉంటుంది. డబ్బా మీద అలాగే రాసి ఉంటుంది కూడా. రవ్వరవ్వగా ఉన్న పొడి పది నిమిషాలు నానినా ఘోరం ఏమీ జరగదు. చేదుకు అసలు కారణాలు వేరే: పొడిలో ధూళి ఎక్కువ ఉండటం, గింజ మరీ నల్లగా వేయించినది కావడం, ధూళితో సహా కప్పులోకి వంచేయడం. ధూళి కప్పులో కూడా నానుతూనే ఉంటుంది మరి. మొదటి గుక్క బాగుండి చివరి గుక్క చేదుగా ఉందంటే దోషం ఆ మడ్డిదే.

ఒకరోజు చేదు, ఒకరోజు నీళ్లు అన్నారు కదా. దానికి జవాబు చెంచా. చెంచాతో కొలిస్తే రోజుకో బరువు వస్తుంది. నల్లగా వేయించిన గింజ ఉబ్బి తేలికవుతుంది కాబట్టి చెంచాడు పొడి తక్కువ తూగుతుంది. లేత రోస్ట్, అంటే తక్కువ వేయించిన గింజ, అదే చెంచాలో బరువెక్కువ తూగుతుంది. మెత్తని పొడి కుదురుకుని ఎక్కువ పడుతుంది, ముతకది తక్కువ పడుతుంది. పైగా తలకొట్టి తీసుకున్నామా, గుట్టగా తీసుకున్నామా అన్నది ఆ పూట మూడ్‌ని బట్టి ఉంటుంది. గ్రాముల్లో చూపే చిన్న వంటింటి తూకం ఒకటి తెచ్చుకోండి. కొత్త ప్రెస్‌కు పెట్టే డబ్బులో కొంత దీనికి పెడితే మీ కాఫీ ఎక్కువ బాగుపడుతుంది. నీళ్లు కూడా దాని మీదే తూయొచ్చు, 500 మిల్లీలీటర్లంటే 500 గ్రాములే.

కొలత: 500 మిల్లీలీటర్ల నీళ్లకు 30 గ్రాముల పొడి. పాలు లేకుండా తాగేవాళ్లకు ఇది మంచి మొదలు. కాస్త దిట్టంగా కావాలంటే 35 దాకా వెళ్లండి. ఇక్కడ ఒక చిన్న లెక్క గుర్తుంచుకోవాలి. పొడి తన బరువుకు రెండింతల నీళ్లు పీల్చుకుని ఉంచేసుకుంటుంది. 30 గ్రాములకు 60 పోయినట్టే. అడుగున వదిలేసే కాస్త కూడా తీసేస్తే చేతికొచ్చేది 400 చిల్లర, అంటే పెద్ద కప్పులు రెండు. లీటరు ప్రెస్ డబ్బా మీద 8 కప్పులని రాసి ఉంటే మురిసిపోకండి, వాళ్ల కప్పు 125 మిల్లీలీటర్లే. ఇంకో సంగతి, అంత పెద్ద జార్‌లో 250 నీళ్లు పోసి ఒక్కరికే చేయాలని చూస్తే కుదరదు. వేడి నిలవదు, మెష్ నీళ్ల మట్టానికి అందీ అందకుండా ఉంటుంది. ఒక్కరే తాగే పూట ఎక్కువగా ఉంటే 350 మిల్లీలీటర్ల చిన్న ప్రెస్ విడిగా ఉండటం మేలు. మీరు కొనాలనే అనుకుంటే కొనాల్సింది అదీ.

గ్రైండ్, అంటే పొడి ఎంత ముతకగా ఉండాలన్న విషయంలో కాస్త ఓపిగ్గా వినండి, సగం రుచి ఇక్కడే ఉంది. ప్రెస్‌కు వీలైనంత ముతకగా ఉండాలని అందరూ చెబుతారు. మరీ ముతకైతే నీళ్లు పలుకు లోపలి దాకా చేరవు, కాఫీ పలుచగా, పుల్లగా వస్తుంది. పంచదార పలుకుల కంటే కొంచెం పెద్దగా ఉంటే చాలు. చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపి చూడండి. పలుకులు విడివిడిగా తగలాలి. వేళ్లకు పిండిలా అంటుకుని గోధుమరంగు మరక మిగిలితే అది ప్రెస్‌కు పనికిరాని పొడి. మీ దగ్గరున్నది అలాంటిదే అయి ఉంటుంది, ప్లంజర్ బిగుసుకోవడం చూస్తే.

మిక్సీలాంటి బ్లేడ్ గ్రైండర్‌తో చిక్కేమిటంటే అది గింజను సమంగా పలుకు చేయదు, దొరికినచోటల్లా నరుకుతుంది. అదే జార్‌లో సగం గింజలూ ఉంటాయి, పిండీ ఉంటుంది. ఒకే కప్పులో పులుపూ చేదూ రెండూ తగలడానికి కారణం అదే: పెద్ద ముక్కలు సరిగా దిగలేదు, ధూళి మరీ ఎక్కువ దిగింది. రెండు పళ్లచక్రాల మధ్య గింజను నలిపే బర్ గ్రైండర్ అయితే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. చేత్తో తిప్పే చిన్నది చాలు. ఇప్పట్లో కొనే ఉద్దేశం లేకపోతే, మిక్సీని ఆపకుండా తిప్పకండి. రెండేసి సెకన్లు తిప్పి, ఆపి, జార్ కుదిపి మళ్లీ తిప్పండి. ఆ పొడిని సన్నని టీ వడకట్టులో వేసి కాసేపు ఊపితే ధూళి కొంత రాలిపోతుంది. ఆ రాలిందాన్ని పారేయడానికి ప్రాణం ఒప్పదు, తెలుసు. పారేయండి.

గింజల ప్యాకెట్ మీద వేయించిన తేదీ ఉందో లేదో చూడండి. ఎక్స్‌పైరీ తేదీ వల్ల ఉపయోగం లేదు. వేయించాక కొన్ని రోజుల నుంచి నెల, నెలన్నర లోపు వాడుకుంటే మంచి వాసన ఉంటుంది. పొడి చేశాక మాత్రం వాసన గంటల్లోనే పడిపోవడం మొదలవుతుంది, అందుకే ఏ పూటకాపూట నలుపుకోవడం. తాజాదనం జార్‌లోనే తెలిసిపోతుంది. వేడి నీళ్లు పడగానే పొడి బుసబుసా పొంగి పైన మందపాటి తెట్టు కడుతుంది. వేయించినప్పుడు గింజలో చిక్కుకున్న కార్బన్ డయాక్సైడ్ బయటికొచ్చే తంతు అది. పాతబడిన పొడి నీళ్లలో పడితే ఉలుకూ పలుకూ లేకుండా మునిగిపోతుంది.

నీళ్ల గురించి రెండే మాటలు. క్లోరిన్ వాసన ఉన్న నీళ్లు వద్దు. ఖనిజాలన్నీ తీసేసిన నీళ్లతో చేస్తే కాఫీ చప్పగా ఉంటుంది, మరీ ఉప్పు నీళ్లతో చేస్తే పులుపు చచ్చి మందకొడిగా ఉంటుంది. మామూలుగా తాగడానికి బాగున్న నీళ్లు కాఫీకి కూడా బాగుంటాయి. వేడి 92 నుంచి 96 డిగ్రీల మధ్య అంటారు గానీ థర్మామీటర్ అక్కర్లేదు. బాగా మరిగించి, దించి, జార్‌లో పోస్తే ఆ పోయడంలోనే కొన్ని డిగ్రీలు పడిపోతాయి. గింజ నల్ల రోస్ట్ అయితే దించాక ఒక నిమిషం ఆగి పోయండి, చేదు కాస్త తగ్గుతుంది. లేత రోస్ట్‌కు మరుగుతున్నవే పోసేయొచ్చు.

ఇక చేసే తీరు. జార్‌ను ముందు కొంచెం వేడి నీళ్లతో తిప్పి పారబోయండి. పొడి వేసి తూకం సున్నా చేసి, పొడి అంతా తడిసేలా 500 నీళ్లూ ఒకేసారి పోసేయండి. ప్లంజర్ పెట్టకండి, వేడి పోకుండా మూత మాత్రం పైన ఆనించి ఉంచితే చాలు. నాలుగు నిమిషాలు వదిలేయండి. ఈలోపు పైన తెట్టు కట్టి ఉంటుంది. చెక్క చెంచాతో ఆ తెట్టును రెండు మూడుసార్లు మెల్లగా కలపండి. స్టీల్ చెంచా వద్దు, గాజు మీద గీతలు పడతాయి, ఎప్పుడో ఒకరోజు ఆ గీత దగ్గరే జార్ విచ్చుకుంటుంది. కలపగానే లోపల ఇరుక్కున్న గ్యాస్ పోయి పొడి బరువెక్కి కిందికి జారడం గాజులోంచే కనిపిస్తుంది. పైన లేత గోధుమరంగు నురగ, దానిలో కొన్ని పలుకులు తేలుతూ మిగులుతాయి. వాటిని రెండు చెంచాలతో తీసి పారేయండి. ఆ నురగలో చేదు ఎక్కువ.

కాఫీ రుచి చూసి ధర కట్టే నిపుణులు చేసేది కూడా ఇంతే. గిన్నెలో పొడి, దాని మీద వేడి నీళ్లు, నాలుగు నిమిషాలకు తెట్టు విరిచి, నురగ తీసి, పొడి దిగాక చెంచాతో రుచి చూడటం. వాళ్ల దగ్గర మెష్ కూడా ఉండదు.

తెట్టు తీశాక ఇంకో ఐదు నిమిషాలు ముట్టుకోకండి. ఎక్కువమంది వదిలేసే మెట్టు ఇదే, మీ మడ్డికి మందు కూడా ఇదే. పలుకు ఎంత సన్నగా ఉంటే అడుక్కి చేరడానికి అంత ఎక్కువ సమయం పడుతుంది. పెద్దవి క్షణాల్లో దిగుతాయి, ధూళికి నిమిషాలు కావాలి. చల్లారిపోతుందని భయపడకండి. పది నిమిషాల తర్వాత కూడా అది హాయిగా తాగగలిగిన వేడి మీదే ఉంటుంది. పొగలు కక్కుతుంటేనే కాఫీ అనుకునేవాళ్ల కోసం ఒక మాట: 65 డిగ్రీలు దాటిన పానీయాలు తాగడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధనా విభాగం 2016లో బహుశా క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో పెట్టింది. నాలుక కాలితే రుచి ఎలాగూ తెలియదు.

ఇప్పుడు ప్లంజర్ పెట్టండి. అడుగుదాకా నొక్కొద్దు. మెష్ కాఫీ పైమట్టానికి తగిలి కొంచెం మునిగేదాకా దించి అక్కడ వదిలేయండి. వంచేటప్పుడు అది జల్లెడలా పనిచేస్తుంది, అడుగున కుదురుకున్న పొడి జోలికి పోదు. జార్‌ను ఒక్కసారే వంచి, మధ్యలో నిలబెట్టకుండా, సన్నని ధారగా కప్పుల్లోకి పోయండి. పైకీ కిందికీ ఊపితే ఇంతసేపు ఆగిందంతా వృథా. ధార రంగు మందంగా, మబ్బుగా మారగానే ఆపేయండి. చివరి రెండు మూడు గుక్కలు జార్‌కే వదిలేయాలి. ఇలా చేసినా కప్పు అడుగున సన్నటి పొరలాంటిది కొంచెం ఉంటుంది. లోహపు మెష్‌తో చేసే కాఫీలో అది మామూలే, ఈ కాఫీకి ఉండే నిండుదనంలో దాని వాటా కూడా ఉంది. తయారైన కాఫీని జార్‌లో పొడి మీదే అరగంట ఉంచకండి. రెండో విడత తాగేవాళ్లుంటే ఫ్లాస్కులోకి మార్చేయండి.

పాలు కలుపుకునేవాళ్లకు పైన చెప్పిన 30 గ్రాములు చాలవు. పాలలోని కొవ్వు, తీపి కాఫీ రుచిని కప్పేస్తాయి. 500 నీళ్లకు 45 నుంచి 50 గ్రాములు వేయండి, గింజ మధ్యస్థం నుంచి నల్ల రోస్ట్ మధ్యలో ఉంటే మంచిది. ఈ కొలతకు తెట్టు కూడా మందంగా వస్తుంది, కాస్త ఎక్కువ కలపాలి. పాలు విడిగా కాచి కప్పులోనే కలపండి. పాలను ప్రెస్‌లో పోసి అందులోనే నానబెట్టడం కొందరు చేస్తారు. నీళ్లంత బాగా పాలు కాఫీని దింపలేవు, పైగా మెష్ సందుల్లో మీగడ పట్టి రెండో రోజుకు వాసన వస్తుంది. ఇంట్లో సగం మందికి పాలు, సగం మందికి నల్ల కాఫీ అయితే చిక్కగానే చేసి, నల్ల కాఫీ వాళ్ల కప్పులో కొంచెం వేడి నీళ్లు కలిపేయండి. రెండుసార్లు చేయాల్సిన పనిలేదు.

వాసన అన్నాను కాబట్టి కడగడం గురించి. చాలామంది ప్లంజర్‌ను కుళాయి కింద పెట్టి తీసేస్తారు. పైకి మెరుస్తుంది, లోపల కాఫీ నూనె ఉండిపోతుంది. ప్లంజర్ కింది భాగం మరతిప్పి విప్పండి. సాధారణంగా మూడు ముక్కలొస్తాయి: రంధ్రాల పళ్లెం, మెష్, అంచుకు స్ప్రింగ్ చుట్టిన పళ్లెం. మెష్‌ను వేరుగా పట్టుకుని వాసన చూడండి. పాత నూనె వాసన వేస్తే మీ చేదులో దానికి కూడా భాగముంది. గిన్నెల సబ్బు వేసిన వేడి నీళ్లలో కాసేపు నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రెండువైపులా రుద్దండి. వారానికోసారి ఇలా విప్పి కడిగితే చాలు, రోజూ అక్కర్లేదు. బిగించేటప్పుడు వరస తప్పకండి, మెష్ రెండు పళ్లేల మధ్యే ఉండాలి. మెష్ అంచు పోగులు లేచినా, ఎక్కడైనా ముడతపడి గోడకు ఆనకపోయినా మడ్డి అక్కడినుంచే వస్తుంది. చాలా మోడళ్లకు మెష్ విడిగా దొరుకుతుంది, అదొక్కటి మార్చుకోండి. మిగిలిన పిప్పిని సింకులో పోయకండి. నీళ్లతో కరగదు, పైపు మలుపులో పేరుకుపోతుంది. కొంచెం నీళ్లు పోసి తిప్పి జల్లెడలో వంచి, పిప్పిని చెత్తలోనో కంపోస్టులోనో వేయండి.

ఆరోగ్యం మాట ఒకటి, మీరు అడగకపోయినా. కాఫీ నూనెలో కెఫెస్టాల్, కహ్వియోల్ అనే పదార్థాలుంటాయి. ఇవి చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతాయి. కాగితపు ఫిల్టర్ వీటిని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది, లోహపు మెష్ ఆపదు. రోజుకో కప్పు తాగేవాళ్లు పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. ఇంట్లో ఎవరికైనా కొలెస్ట్రాల్ ఎక్కువని డాక్టర్ చెప్పి ఉండి, వాళ్లు రోజూ నాలుగైదు కప్పులు తాగేవాళ్లైతే, వాళ్ల వాటా మాత్రం కాగితపు ఫిల్టర్‌లోంచి వడగట్టి ఇవ్వండి. నిండుదనం కొంచెం తగ్గుతుంది, వాసన ఉంటుంది.

మొదటిసారి ఇలా చేశాక రుచి ఇంకా కుదరకపోతే ఒక్కదాన్నే మార్చి చూడండి, అన్నీ ఒకేసారి మార్చకండి. పుల్లగా, పలుచగా ఉంటే పొడి ఒక మెట్టు సన్నగా నలపండి. నాలుక ఎండబెట్టేలా వగరుగా ఉంటే ఒక మెట్టు ముతక చేయండి. రుచి బాగుంది గానీ బలం చాలదనిపిస్తే గ్రైండ్ ముట్టుకోకుండా పొడి మూడు గ్రాములు పెంచండి. పలుచగానూ ఉంది, చేదుగానూ ఉందంటే మాత్రం పొడి తక్కువ వేసి, అది కూడా మెత్తగా వేస్తున్నారు. అప్పుడు ముందు 30 గ్రాములు తూకం వేసి, తర్వాతే గ్రైండ్ సంగతి చూసుకోండి.